తువ్వాల కింద ఐదు వేళ్ళు

జయచంద్ర సారూ, ఈ కత నాకు మొదట చెప్పింది మా సంతలో తిరిగే పాకాల ఏకాంబరం. నా కత నాకే! టీ అంగడి కాడ, పదిమంది ముందర. "ఏమప్పా కుప్పయ్యా, ఈ వయసులో జర్మనీ ఆయమ్మ చెయ్యి పట్టుకున్నావంట, అదీ తువ్వాల కప్పి!" అన్నాడు.

వద్దు సారూ, కూర్చోను. నిలబడే అడుగుతా. నేను నా అంతట నేనొచ్చినానా మీ కాలేజీకి? మీరే గదా మా ఇంటికొచ్చి పిలిస్తిరి! "పెద్దాయనా, మా ఎంబీఏ పిల్లోళ్ళు రేపు దేశదేశాల వాళ్ళతో బేరాలాడాల. పశువుల సంతలో నువ్వు తువ్వాల కింద ధర మాట్లాడతావే, అది చూపించు" అంటిరి.

మీసం మొలిచినప్పట్నుంచీ సంతలో దళారీని నేను. నోరు తెరిచి ధర చెప్పింది లేదు. తువ్వాల కింద చెయ్యి చాపుతా, కొనేవాళ్ళు ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. పక్కనోడికి తెలీకూడదు. పట్టినాక మాట మార్చకూడదు.

ఆవు యాడ అంటే తెర మీద బొమ్మ చూపిస్తిరి! వయసు తెలిసేదానికి నోట్లో పండ్లు చూద్దామని దగ్గరికి పోతే నా నీడ పడి ఆవే మాయమాయె. పిల్లోళ్ళు ఒకటే నవ్వు. సరే, పండ్లు చూడకుండానే బేరం పెట్టినా. మీ మర్యాద కోసం!

పాఠం చెప్పేదానికి వచ్చిన ఆ జర్మనీ మేడమును ముందుకు తోసింది ఎవురు? మీరే. ఆయమ్మ తువ్వాల కింద చెయ్యి పెట్టి, నా ఐదు వేళ్ళూ ఒక్కసారిగా పట్టి, పైకీ కిందికీ ఊపి, "నైస్ టు మీట్ యూ" అనింది.

అది వాళ్ళ దండమని నాకేం తెలుసు సారూ? ఐదు వేళ్ళు! మా సంతలో ఏ మొనగాడూ ఒక ఆవుకు అంత పెట్టలేదు. "ఇచ్చేసినా!" అని అరిచినా. ఆయమ్మ సంతోషపడి ఇంకోసారి ఊపింది.

నవ్వద్దు సారూ.

ఇప్పుడు నేను తువ్వాల తీస్తే చాలు, "మెల్లగా పట్టు కుప్పయ్యా, నాకు సిగ్గు" అంటారు సంతలో. ఒక్కడూ చెయ్యి పెట్టడు. ఇంట్లో మా ఆడామె వరదమ్మ ఆ తువ్వాల ఉతకనంటాది. అన్నం పెట్టి, "ఊపి తింటావా, ఊరికే తింటావా?" అంటాది.

అదంతా పోనీ. నిన్న ఏకాంబరం కొత్త మాట పుట్టించినాడు. చెయ్యి పట్టిన మైకంలో కుప్పయ్య మూడు వేళ్ళకే ఆవునిచ్చేసినాడంట! మూడా? నేనా? ఇంక నన్ను నమ్మి ఎవుడు పశువును తోలుకొస్తాడు?

ఏందీ? ఆ పొద్దు మీ పిల్లోళ్ళు తీసిన ఫోటోలో తువ్వాల తప్ప ఏమీ కనపడలేదా? యాడ కనపడతాది! అంత బాగా కప్పినా నేను.

ఒక పని చేయండి సారూ. సంత రోజు రండి, మైకు ఇప్పిస్తా. చెయ్యి పట్టినాడనే చెప్పండి, అది ఆడమనిషి చెయ్యేననీ చెప్పండి. వరదమ్మతో నేను పడతా. ఆ లేని ఆవును మాత్రం కుప్పయ్య తక్కువకియ్యలేదని గట్టిగా చెప్పండి.