పెన్యాఫ్రియా కోటను జరిపిన రొట్టెల జెఫెరీను

ఫ్రెయిషల్ ఊళ్లో అబద్ధాలాడేవాళ్లు లేరు. ఈ మాట ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. జరిగినదాన్ని కాస్త సాగదీసి చెప్పేవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లలో రొట్టెల వాను నడిపే జెఫెరీనుది మొదటి కుర్చీ. ఆ కుర్చీ అదోసిండా కాఫీకొట్లో కిటికీ పక్కన ఉంటుంది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అందులో ఇంకెవరైనా కూర్చుంటే అదోసిండాయే లేపేస్తుంది. అతని మీద ప్రేమతో కాదు, అతను మాట్లాడుతున్నంతసేపూ జనం రెండో గ్లాసు వైను అడుగుతారు.

ఆ ఆదివారం జెఫెరీనుకి కావలసింది మైకు. ప్రతి జూన్‌లోనూ ఒక ఆదివారం ఊరివాళ్లు ఒక బస్సు మాట్లాడుకుని, పోర్చుగల్ సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్లి, ఒక పూట తిరిగి వస్తారు. డ్రైవరు పక్క సీటూ చేతిలో మైకూ ఆ ఏడు యాత్రకి పెద్దగా ఎన్నుకున్నవాడివి. దారిలో కనిపించిన ప్రతిదాని గురించీ చెప్పేది అతనే, పాట ఎత్తుకునేది అతనే, ఎవరికైనా కడుపులో తిప్పితే బస్సు ఆపించేదీ అతనే. కొన్నేళ్లుగా ఆ సీటు మందులషాపు బెల్మీరు గారిది. ఆయన చదువుకున్నాయన. రాజుల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు, ఎవరు ఏ ఏడు పుట్టి ఏ ఏడు పోయారో వరసగా చెప్పగలరు. బస్సు సరిహద్దు చేరేసరికి డ్రైవరు తప్ప అందరూ నిద్రపోయేవారు. నిరుడు డ్రైవరు కూడా కాస్త తూగాడని కొందరంటారు గాని, వాళ్లూ నిద్రలోనే ఉన్నారు కనక ఆ సాక్ష్యం చెల్లదు.

జెఫెరీను బాధ వేరు. యవ్వనంలో మొదలుపెట్టి ఇన్నేళ్లూ ఊరూరా రొట్టెలు మోసుకెళ్లి, ఒక్కో గుమ్మం ముందూ రెండేసి మాటలు చెప్పుకుని బతికాడు. కథ మంచి పట్టులో ఉండగానే ఆడవాళ్లు రొట్టె అందుకుని తలుపేసుకునేవారు. కదిలే బస్సులోంచి ఎవరూ లేచిపోలేరు. తలుపు డ్రైవరు చేతిలో ఉంటుంది, మైకు తన చేతిలో ఉంటుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్లు పులకరించేది.

ఈసారి యాత్ర పెన్యాఫ్రియా కోటకి. సరిహద్దుకి అవతల కొండమీద పాత రాతికోట అది. ఫ్రెయిషల్‌లో దాన్ని చూడనివాళ్లు లేరు, అడిగి చూడండి. పెద్దని ఎన్నుకోవడానికి చేతులెత్తే ముందు, ఆ కోట సంగతి ఎవరికి బాగా తెలుసో తేల్చుకుందామన్నారు. మొదట బెల్మీరు గారు లేచి, ఆయుధాలగదిలో తాను స్వయంగా చూసిన కత్తుల గురించి పొట్టి కత్తితో మొదలుపెట్టి పొడుగు కత్తి దాకా చెప్పుకొచ్చారు. మధ్యకత్తి దగ్గరకి వచ్చేసరికి గుమ్మంలో నిలబడ్డ కుక్క పడుకుంది.

తర్వాత అందరూ కిటికీ వైపు తిరిగారు.

"నేను చూసిందేముందండీ పెద్దగా," అన్నాడు జెఫెరీను. "పోయిన అక్టోబరులో ఒకరోజు రొట్టెలన్నీ ఇచ్చేశాక, ఎండిపోయినవి నాలుగు మిగిలాయి. మన చర్చిలో పన్నెండు కొట్టగానే, ఊరికే కోట చూసొద్దామని వాను తీశా. గంటలో గుమ్మం ముందున్నా. అంతే."

అని కూర్చున్నాడు. జెఫెరీను అంతే అని కూర్చున్నాడంటే అప్పటికింకా మొదలవలేదని అర్థం. అదోసిండా సీసా తీసుకుని బల్లల మధ్యకి వచ్చి, తలుపు తెరిచే ఉందా అని అడిగింది. ఎవరో ఒకరు అడగాలి, లేకపోతే పొద్దుపోతుంది.

తెరిచి ఉండటమా, అన్నాడు జెఫెరీను. కోట కాపలావాడు గుమ్మం ముందు కూలబడి ఏడుస్తున్నాడట. బందులు తుప్పు పట్టి తలుపు బిగుసుకుపోయిందట, అటూ ఇటూ నలుగురు తోసినా కదల్లేదట. జెఫెరీను సంచీలోంచి తన రొట్టె తీసి, అందులో ఉన్న షోరీసు సాసేజిని బందుల మీద పిండాడట. మన ఊరి పందికొవ్వు తగిలేసరికి ఆ తలుపు వేలితో తోస్తే తెరుచుకుందట. ఆ వాసనకి కోటలో ఉన్న పిల్లులు, ఊళ్లో ఉన్న పిల్లులు, చివరికి గోడమీద చెక్కిన రాతి సింహం కూడా ముక్కు ఎగబీల్చిందట.

"సింహం ఎగబీల్చింది నువ్వు చూశావా?" అన్నారు బెల్మీరు గారు.

"చూడలేదండీ. వెనక నించుని వింటున్నా."

ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నాడు. కోట నడిమధ్యన నుయ్యి ఉందట. లోతెంతో చూద్దామని రొట్టెముక్క ఒకటి వేసి చెవి పెట్టాడట. చప్పుడు లేదు. ఇంకాసేపు చూశాడు, లేదు. కాపలావాడు నవ్వి, మా తాత వేసిన రాయి చప్పుడు కోసం మేమింకా చూస్తున్నాం, పద లోపలికి అన్నాడట. సరే అని ఊరుకున్నాడు గాని, ఆ సాయంత్రం మన వీధిపంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే నీళ్లతో పాటు అరచేతిలోకి ఆ ముక్కే వచ్చిందట, తడిసి, కొరికిన గుర్తుతో సహా. భూమి కింద నీళ్లు అలా పారవని బెల్మీరు గారు గట్టిగానే అన్నారు. నేనూ అదే అన్నానండీ ఆ ముక్కతో, అన్నాడు జెఫెరీను. వెనక బల్ల దగ్గర ఎవరికో వైను పొలమారింది.

ఇక ఆగలేదు. ఇనపచొక్కా దగ్గరకి వచ్చాడు. ఆ కోట దొర తొడుక్కున్న ఇనపచొక్కా, ఇనపటోపీ గాజుబీరువాలో ఉన్నాయట, అవి ఇంతవరకు ఎవరి ఒంటికీ పట్టలేదట. జెఫెరీనుకి కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయట, పొట్ట దగ్గర తప్ప. పొట్ట దగ్గర కూడా అతను ఊపిరి వదలగానే ఇనుమే సర్దుకుందట. కాపలావాడు మోకాళ్ల మీద పడి, దొరా వచ్చారా అన్నాడట. విప్పబోతే రాదు. ఇంతలో కొండకింద రెండు బస్సులు ఆగి, ఫ్రెంచి యాత్రికులు దిగి, టిక్కెట్టు కొనకుండా లోపలికి తోసుకు రాబోయారట. గొడుగులు పట్టుకున్నవాళ్లు ముందు, కెమెరాలు పట్టుకున్నవాళ్లు వెనక. కాపలావాడు మంచం కిందకి దూరాడు. గోడమీద నిలబడ్డది ఒక్క జెఫెరీను. చేతిలో ఉన్న ఆయుధం వానులో మిగిలిన ఎండు రొట్టెలు నాలుగు.

"ఎవరికీ ప్రాణం పోలేదు కదా?" అని పొయ్యి దగ్గర్నించి ఒలింపియా అడిగింది. "ఆ రొట్టెలు మాకు తెలుసు నాయనా. రోజూ కొరుకుతున్నాం."

అందరూ నవ్వారు, జెఫెరీను కూడా నవ్వాడు. నవ్వినవాళ్లు చెయ్యి ఎత్తుతారని అతనికి తెలుసు. ఒలింపియాకి ఎనభై దాటాయి. వయసులో ఉండగా పావడా మడతల్లో కాఫీగింజలు కుట్టుకుని రాత్రిళ్లు సరిహద్దు దాటించేది. ఆ సంగతి ఊళ్లో అందరూ మరిచిపోయారు. ఆమెని పట్టుకోవడానికి వెళ్లి, ఆఖరికి ఆమెనే పెళ్లాడిన సరిహద్దు జవాను అయితే అందరికంటే ముందు మరిచిపోయాడు.

విసిరినవాటిలో నాలుగో రొట్టె తగిలింది ఫ్రెంచివాళ్లకి కాదు, బురుజుకి అన్నాడు జెఫెరీను. బురుజు ఒరిగింది. కింద జనం. ఏం చేస్తాడు, దిగి వెళ్లి భుజం ఆనించాడట. కాసేపు పట్టాడు, తర్వాత కాస్త తోశాడు. బురుజు నిలబడింది గాని తోపు కొంచెం ఎక్కువైంది. బురుజుతో పాటు గోడ కదిలింది, గోడతో పాటు కోట కదిలింది, మొత్తం కోట కొండమీద పడమటివైపుకి, అంటే మన పోర్చుగల్ వైపుకి, ఒక జానెడు జరిగింది.

జెఫెరీను గొంతు తగ్గించాడు.

"ఆ ఊరి మేయరు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడండీ. బాబూ, నీకు దణ్ణం పెడతాను, ఆపు, ఇలాగే తోస్తే సాయంత్రానికి మా కోట మీ దేశంలో ఉంటుంది అన్నాడు. నిజమే. ఇంకాస్త తోస్తే తెచ్చి ఈ కొట్టు వెనకాల పెట్టేవాణ్ణి."

"మరి తేలేదేం?" అంది అదోసిండా. వెనకాల కోట ఉంటే ఎన్ని కుర్చీలు వెయ్యాలో ఆమె అప్పుడే చూసుకుంటోంది.

"సాయంత్రం రొట్టెలు ఎవరిస్తారు? కోట తెచ్చి ఊరిని పస్తు పెట్టనా?"

ఆ మాటకి కొట్టు కరిగిపోయింది. కోటని వదిలేసి ఊరికోసం తిరిగొచ్చినవాడికి ఒక మైకు ఇవ్వలేమా అన్నట్టు కొందరి చేతులు మోకాళ్ల మీంచి లేవడం మొదలుపెట్టాయి. జెఫెరీను వాటిని ఓరగా చూస్తూ, ఏమీ చూడనట్టు గ్లాసు ఎత్తాడు. ఈపాటికి అతను డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నట్టే లెక్క.

"నువ్వు బయల్దేరింది మన చర్చిలో పన్నెండు కొట్టాక," అంది ఒలింపియా.

"అవును పెద్దమ్మా."

"గంట ప్రయాణం."

"గంటే."

"అంటే మనకి ఒంటిగంట, వాళ్లకి రెండు. వాళ్ల గడియారం మనకంటే ఒక గంట ముందుంటుంది నాయనా. రెండింటికి కోటకి తాళం వేసి భోజనాలకి పోతారు. తిని, పడుకుని, లేచి, సాయంత్రానికి గాని తియ్యరు. ఆ అక్టోబరులో ఒక్కరోజు కూడా నా గుమ్మం దగ్గరకి సాయంత్రం రొట్టె ఆలస్యంగా రాలేదు. నువ్వు ఆ తలుపు లోపలి పక్క చూడలేదు. ఎదురుగా ఉన్న రాతిబల్ల మీద కూర్చుని, ఆ షోరీసు రొట్టె నువ్వే తినేసి వచ్చావు."

జెఫెరీను ఎత్తిన గ్లాసు తాగకుండానే దించేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ల మీంచి లేచిన చేతులు మళ్లీ మోకాళ్ల మీదకి దిగాయి. సీటు, మైకు, తప్పించుకోలేని జనం, అన్నీ లేచి బెల్మీరు గారి ఒళ్లోకి వెళ్లి కూర్చోవడం అతనికి కళ్లెదుట కనిపించింది. బెల్మీరు గారు టై సర్దుకున్నారు.

నీకెలా తెలుసని ఎవరో ఒలింపియాని అడిగారు. నేనూ ఆ బల్లమీద కూర్చునే వచ్చాను కాబట్టి అంది ఆమె. పెళ్లయిన కొత్తలో మొగుడితో వెళ్లిందట. జీవితమంతా సరిహద్దు దాటినదానివి, గంట తేడా తెలీదా అంటే, చీకట్లో దాటేవాళ్లకి గడియారంతో పనేముంది అంది. ఇద్దరూ కూర్చుని ఆ తలుపుకున్న ఇనపమేకులు చూసి వచ్చారట.

"ఆ బల్ల ఒక పక్కకి ఒరుగుతుంది," అంది అదోసిండా గ్లాసు తుడుస్తూ. "ఫ్లాస్కు నిలబడదు."

అందరూ ఆమె వైపు తిరిగారు. కోట లోపలి ప్రార్థనగది బంగారు పైకప్పు గురించి ఏడేళ్లుగా చెప్తున్నది ఆమే. చేతిలో గ్లాసు అప్పటికే తుడవడం అయిపోయినా ఆమె తుడుస్తూనే ఉంది.

తప్పు మాట వింటే సరిదిద్దకుండా ఉండలేకపోవడం చదువుకున్నవాళ్ల జబ్బు.

"ఇప్పుడు ఒరగదు," అన్నారు బెల్మీరు గారు. "కింద పెంకుముక్క నేనే పెట్టాను."

అన్నాక గాని తానేమన్నారో ఆయనకి వినపడలేదు. కత్తుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే వరసగా ఎవరెవరు ఏమేం చూసొచ్చారో అన్నీ ఎత్తాలి, ఆ కొట్లో ఉన్నవాళ్లందరూ ఏదో ఒకటి చూసొచ్చినవాళ్లే.

చివరికి వెనక బల్ల దగ్గర్నించి ఒకాయన, అయితే ఈసారి బస్సు ఒక గంట ముందు తీయిస్తే పోదా అన్నాడు. ఆయన అల్లుడుగా వచ్చినవాడు, ఆ ఊరివాడు కాదు. కొట్టంతా ఆయన మీద విరుచుకుపడింది. పూజ మానుకోవాలా, పూజ అయ్యాక కాఫీ మానుకోవాలా, ఇంతకీ స్పెయిన్ గడియారం కోసం మనమెందుకు గంట ముందు లేవాలి, కావాలంటే వాళ్లనే తమ గడియారం వెనక్కి తిప్పుకోమను అన్నారు. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బస్సు ఎప్పటిలాగే పూజ, కాఫీ అయ్యాక, పన్నెండింటికే బయల్దేరుతుందని తీర్మానమైంది.

"అంటే తలుపు మూసే ఉంటుంది," అంది ఒలింపియా. "బస్సెడు మనం, ఒక్క బల్ల. సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. రాజుల పేర్లు వింటూ కూర్చుంటారా, కోటని తోసినవాడి మాట వింటూ కూర్చుంటారా?"

చేతులు లేచాయి. అదోసిండాది అన్నిటికంటే ముందు లేచింది. బెల్మీరు గారి చెయ్యి కూడా సగం లేచింది. కాలరు సర్దుకోవడానికని ఆయన తర్వాత చెప్పుకున్నారు గాని, లెక్కలో పడిపోయింది.

జెఫెరీను లేచి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊరి ఋణం ఇప్పటికిప్పుడే తీర్చేద్దామనుకున్నాడు.

"అసలు ఆ తలుపు మూసి ఉన్నమాట నిజమే పెద్దమ్మా. కానీ బల్లమీద కూర్చున్నానా, ఆ తాళంకప్ప నన్ను చూసి..."

"దాచుకో నాయనా," అంది ఒలింపియా. "ఇక్కడే అవగొట్టకు. సాయంత్రం దాకా రావాలి."