తెలుగు మాస్టారికి తెలుగు నేర్పిన సిస్టర్

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ దుర్గాదేవి గారికి, పటాన్‌చెరు నుంచీ సంగారెడ్డి నుంచీ వచ్చిన పెద్దలకు, నాలాగే కడుపు మీద కుట్ల గీత ఉన్న మిత్రులకు నమస్కారం, సలాం. నా పేరు బషీర్, హత్నూర బడిలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. నాలుగేళ్ల కిందట డాక్టరమ్మ నా కాలేయంలో మూడో వంతును క్యాన్సర్ గడ్డతో సహా కోసి తీసేశారు. ఆవిడ చేతి నేర్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఈ రోజు పూలదండ పడాల్సింది మాత్రం రిటైరవుతున్న మన కనకమహాలక్ష్మి సిస్టర్ మెడలోనే.

ఆపరేషన్ తర్వాత నాకు రెండు షరతులు పెట్టారు. రక్తంలో ఉన్న హెపటైటిస్ వైరస్ మళ్లీ గడ్డను లేపకుండా రోజూ ఒక మాత్ర, మూడు నెలలకోసారి స్కాన్. ఐదు నెలలు బుద్ధిగా ఉన్నాను. కుట్లు మానాయి, ఆకలి పుట్టింది, నేను పెద్ద తెలివిగా మాత్ర మానేశాను, స్కాన్‌కీ పోలేదు. స్కాన్ తేదీ గుర్తుచేయడానికి సిస్టర్ ఫోన్ చేస్తే ఊళ్లో లేనని అబద్ధం చెప్పాను. (నవ్వులు) నవ్వండి, పిల్లలకు నీతి పద్యాలు చెప్పిన నోరే అది.

ఒక ఆదివారం ఆవిడ బీరంగూడ నుంచి బస్సెక్కి మా ఇంటికే వచ్చారు. మా ఆవిడ హాజిరా, అదిగో రెండో వరుసలో కూర్చుంది, చాయ్ పెట్టకముందే నా గుట్టు విప్పేసింది. "గోలీలు బంద్ చేసిండు మేడం, నేను చెప్తే ఇంటలేడు" అంది. గాయం మానింది కదా సిస్టర్ అని నేను నసిగాను. సిస్టర్ వాళ్ల నాన్నగారి ఫ్యాక్టరీ ఉద్యోగంతో గోదావరి జిల్లా నుంచి ఇక్కడికొచ్చిన మనిషి, కోపంలోనూ 'అండీ' వదలరు.

"మానాల్సింది గాయమండీ మాస్టారూ, మందు కాదు" అన్నారు.

ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాడికి ఒక్క క్రియాపదం అప్పుడు అర్థమైంది. ఆ వారమే స్కాన్‌లో గోరంత కొత్త మచ్చ కనబడింది. చిన్నది కాబట్టి సూదితో కాల్చేశారు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే కాల్చడానికీ కోయడానికీ వీలుండేది కాదని డాక్టరమ్మే చెప్పారు.

సిస్టర్, రేపు నాకు స్కాన్ ఉంది. మీరు లేని మొదటి స్కాన్. భయంగా ఉంది, దాచను. ఇన్నాళ్లూ మీ ఫోన్ తప్పించుకోలేక వెళ్లాను. రేపు ఎవరూ పిలవరు, అయినా పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడతాను. మీకు నేను చేయగలిగిన సన్మానం అదొక్కటే. పిలిచి మాట్లాడనిచ్చిన పెద్దలందరికీ కృతజ్ఞతలు. సెలవు.