మోగని హెచ్చరిక

రోగికి పడని మందు డాక్టరు రాస్తే, కంప్యూటరు తెర మీద ఎర్రగా హెచ్చరిక రావాలి. ఆస్పత్రి కోసం కొత్త ఇంజనీరు రాసిన ఆ ప్రోగ్రాం చూసి టీమ్ లీడరమ్మ పెదవి విరిచింది.

"రోగికి పడనిది పెన్సిలిన్. డాక్టరు రాసిందీ పెన్సిలినే. నీ ప్రోగ్రాం రెండూ వేరంటుందేమయ్యా?"

"అవి రెండు ఆబ్జెక్టులు కదా మేడమ్. మెమరీలో ఒకటి ఒకచోట, ఇంకోటి ఇంకోచోట..."

"అయితే పక్కింటి ఉప్పు ఉప్పు కాదా? పోల్చాల్సింది ఉన్న చోటు కాదు, ఉన్న సరుకు. ఏ మహానుభావుడు చెప్పాడయ్యా నీకు చదువు?"

"టెస్టు పాసైంది మేడమ్."

"పాసవదూ మరి! టెస్టులో పోలికకి రెండు వైపులా ఒకే ఆబ్జెక్టు పెట్టావు. అద్దంలో చూసుకుని, నాకో కవల ఉన్నాడని మురిసిపోయినట్టుంది. ఆస్పత్రిలో పెట్టి ఆరు వారాలైనా ఒక్క హెచ్చరికా రాకపోతే నీకు అనుమానమైనా రాలేదూ?"

"వచ్చింది, మిమ్మల్ని అడిగాను కూడా. మంచి ప్రోగ్రాం నోరెత్తదన్నారు. పాతదానిలా ఊరికే గోల చెయ్యట్లేదని ఆస్పత్రివాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, మీరే కదా ఫ్రేము కట్టించారు?"

తన కుర్చీ వెనక గోడకున్న ఆ ఫ్రేము వైపు తిరగకుండానే, ఆమె ఆస్పత్రికి ఫోను కలిపింది.