నెలకో శనివారం

శనివారం పొద్దున. ఇంటి ముందు గదిలోనే పుస్తకాలు కుట్టే పని. బల్ల మీద విప్పిన పాటల పుస్తకాలు, దారం ఉండలు, జిగురు గిన్నె. ముసలి బైండరు చెప్పులేసుకుని, భుజాన సంచీతో బయల్దేరబోతున్నాడు. కళ్లద్దాల షాపులో పనిచేసే ఆయన కోడలు గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

“అది కాదమ్మా, బస్సు తప్పిపోతుందంటున్నాను. వచ్చాక తీరిగ్గా మాట్లాడుకుందాం.”

“ఇంకో బస్సుంటుంది మామయ్యా. కూర్చోండి.”

“రేపు ఆదివారం. పుస్తకాలు అందకపోతే వాళ్లు పాటలెలా పాడతారు?”

“ఎవరు?”

“అదే, వంతెన అవతల సంఘం వాళ్లు. నెలనెలా వెళ్తూనే ఉన్నాగా, కొత్తగా అడుగుతావేంటి?”

“సంచీలో పుస్తకాల్లేవు. గౌనుంది. పసుప్పచ్చ గౌను. నాలుగేళ్ల పిల్లకి సరిపోతుంది.”

“నా సంచీ చూశావా?”

“చూశాను. ఆరేళ్లలో మొదటిసారి. తప్పే. కూర్చోండి.”

“అది పాస్టరు గారి మనవరాలికి. పుట్టినరోజని ఏదో...”

“ఆ జిగురు గిన్నె మూత ఎన్నిసార్లు తీసి పెడతారు? వదిలేయండి దాన్ని. చెప్పేది వినండి.”

“చెప్పు మరి. వింటున్నాగా.”

“సోమవారం షాపుకి ఒకావిడొచ్చింది. విరిగిన కళ్లజోడు తెచ్చింది. వాళ్లాయనదట. పాప దాని మీద కూర్చుందట.”

“పిల్లలన్నాక విరక్కొడతారు.”

“నేను అద్దాలు తీసి పవర్ చూశాను. ఒక కంటికి దూరం ఆనదు, రెండో కంటికి దగ్గర ఆనదు. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నాను మామయ్యా, అలాంటి కళ్లు ఒక్క మనిషివే చూశాను. చూసే కదా కట్టుకున్నాను.”

“లోకంలో ఎంతమందికి ఉండవమ్మా అలాంటివి...”

“నేనూ అదే అనుకున్నాను. రెండ్రోజులు అదే అనుకున్నాను. మిషన్ మీద మూడుసార్లు పెట్టి చూశాను. ఏంటమ్మా, ఆ అద్దాల్లో నీకు దేవుడు కనపడుతున్నాడా అని మా యజమాని నవ్వాడు.”

“నాకు ముందే చెప్పాల్సింది కదా.”

“చెప్పబోయాను. సోమవారం సాయంత్రం ప్రార్థనకి కూర్చున్నప్పుడు నోటిదాకా వచ్చింది. మీరేమో కళ్లు మూసుకుని, ప్రభువా, మా బిడ్డ ఎక్కడున్నా వాడి మీద నీ కన్నుంచు అన్నారు. మీ గొంతు వణికింది. పెద్దాయనకి ఆశపెట్టి, తీరా కాదని తేలితే తట్టుకోలేరని నోరు మూసుకున్నాను.”

“తల్లీ...”

“గురువారం జోడు తయారైంది. రసీదు మీద అడ్రసుంది. నేనే పట్టుకెళ్లాను. లోపల మీ అబ్బాయి ఉన్నాడు.”

“ఉన్నాడా.”

“అదేంటి మామయ్యా, అంత మెల్లగా? ఆరేళ్లుగా ఆచూకీ లేని కొడుకు కనపడ్డాడంటే, ఎలా ఉన్నాడని అడగరా? ఏ ఊళ్లో అని అడగరా? బతికే ఉన్నాడా అని కూలబడి ఏడవరా?”

“నీకు తెలిసిపోయిందన్న మాట.”

“తెలిసిపోయింది. ఇప్పుడు మీ నోటితో వింటాను. ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“ఈ మధ్యే.”

“ఈ మధ్యంటే?”

“ఓ ఏడాది. ఏడాదో, రెండేళ్లో.”

“మామయ్యా.”

“వాడు వెళ్లిన రెండో నెలలో ఉత్తరం రాశాడు.”

“రెండో నెలలో. నేను పోలీసు స్టేషన్ చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న రోజులవి.”

“నేనూ నీ వెంటే తిరిగాను కదమ్మా.”

“తిరిగారు. శవాల గది దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపారు. నువ్వు చూడలేవు తల్లీ, నేను చూసొస్తానన్నారు. లోపలికెళ్లి బయటికొచ్చి, మనవాడు కాదమ్మా, దేవుడికి స్తోత్రం అన్నారు. అప్పుడు ఆ ఉత్తరం మీ జేబులో ఉందా?”

“అదంతా ఇప్పుడెందుకు...”

“ఉందా, లేదా?”

“ఉంది.”

“అందులో ఏం రాశాడు?”

“ఏదో రాశాడు. కోపంలో పోయినవాడు ఏం రాస్తాడు?”

“నా మీద కోపమా?”

“నీ మీదెందుకూ. నా మీద. ఈ జిగురు వాసన, పొద్దునా సాయంత్రం ఈ ప్రార్థనలు, ఈ ఇంట్లో ఊపిరాడట్లేదన్నాడు. నిన్ను తీసుకుని వేరే ఊళ్లో కాపురం పెడతానన్నాడు. నేను వద్దన్నాను. నీకు తెలియదులే, నువ్వు షాపులో ఉన్నావు. మాటా మాటా పెరిగింది. కట్టుబట్టలతో పోయాడు.”

“నన్ను తీసుకుని.”

“ఊఁ.”

“నన్ను వదిలేసి పోయాడనే కదా ఆరేళ్లుగా అనుకుంటున్నాను. నాలో ఏం లోపమని ప్రతి రాత్రీ వెతుక్కున్నాను. మీరు పక్కనే కూర్చుని చూశారు. సరే. ఉత్తరంలో ఏముందో చెప్పండి.”

“ఇల్లు చూసుకున్నాను నాన్నా, తనని పంపించు అని రాశాడు.”

“తనంటే నేనేనా?”

“నువ్వే.”

“మీరేం జవాబు రాశారు?”

“నువ్వు రానంటున్నావని రాశాను.”

“నేను రానన్నానా.”

“కొన్నాళ్లాగితే వాడే దిగొస్తాడనుకున్నానమ్మా. ఇక్కడే ఉంటాడనుకున్నాను. నిన్నూ వాణ్నీ విడదీయాలని కాదు...”

“దిగొచ్చాడు కదా. ఒక ఆదివారం. మీకు జ్వరమని చర్చికి రాని ఆదివారం.”

“అదీ చెప్పాడా వాడు.”

“ఈ గుమ్మంలోనే నిలబడ్డాడట. నాన్నా, తప్పయిపోయింది, ఒక్కసారి పిలువు అన్నాడట. అది లోపలే ఉంది, నీ మొహం చూడనంటోంది, పోరా అన్నారట మీరు. లోపల ఎవరూ లేరు మామయ్యా. నేను చర్చిలో ఉన్నాను. ప్రార్థన అంశాలు చెప్పండి అని పాస్టరు గారంటే, అందరి ముందూ లేచి నిలబడ్డాను. నా భర్త తిరిగి రావాలని ప్రార్థించండి అని అడిగాను. ఆ గంటలోనే.”

“ఆపు తల్లీ.”

“ఆరేళ్లు దేవుడు నా మాట వినలేదనుకున్నాను. విన్నాడు మామయ్యా. వెంటనే విన్నాడు. మనిషిని పంపించాడు కూడా. గుమ్మంలో మీరున్నారు.”

“నేను మనిషినమ్మా. మనిషి తప్పు చేస్తాడు.”

“ఆ సాయంత్రం ఏం చేశారు?”

“ఏం చేశానంటే?”

“రోజూలాగే నాతో మోకాళ్లూనారు కదా. నేను ఆయన రావాలని ఏడుస్తూ అడుగుతున్నాను. మీరూ పెదాలు కదిపారు. లోపల ఏమడిగారు?”

“నువ్వు అవన్నీ అడక్కూడదు.”

“ఏమడిగారు మామయ్యా?”

“వాడు మళ్లీ రాకూడదని అడిగాను.”

“రోజూనా?”

“రోజూ.”

“నేను ఆమెన్ అనేదాన్ని. మీ పక్కనే మోకాళ్ల మీదుండి, ఏమడిగారో తెలియక, ఆమెన్ అనేదాన్ని.”

“మీ అత్తయ్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదమ్మా. ఇల్లంతా బావురుమంటుండేది. పొద్దున్నే నీ అడుగుల చప్పుడు వినపడితేనే లేవాలనిపించేది. నువ్వు టీ గ్లాసు పెట్టి, సూదిలో దారమెక్కించి ఇచ్చి వెళ్తే, ఆ దారంతో రోజంతా గడిపేసేవాణ్ని. వాడొస్తే నిన్ను తీసుకుపోతాడు. నాకేం మిగులుతుంది? నీ కోసం చేశానని చెప్పను. నా కోసమే చేశాను. కానీ ప్రేమతోనే చేశాను తల్లీ. నిన్ను ఏనాడూ కోడల్లా చూశానా? కన్నకూతుర్లా చూసుకున్నాను.”

“కూతురైతే అల్లుడింటికి పంపించేవారు.”

“అంత మాటనకు.”

“సండే స్కూల్లో పిల్లలకి చెప్తారు కదా మీరు, ప్రేమంటే ఇచ్చేది, గుప్పెట్లో పట్టుకునేది కాదని. నేను వెనక బల్ల మీద కూర్చుని వినేదాన్ని. ఎంత బాగా చెప్తారు మా మామయ్య అనుకునేదాన్ని.”

“వాడేమన్నాడు? నా మీద బాగా కోపంగా ఉన్నాడా?”

“మీ అబ్బాయికి కోపం కూడా తెచ్చుకోవడం రాదు. షాపుకి రావచ్చు కదా, నన్నే అడగొచ్చు కదా అంటే, నాన్న మాట మీద నమ్మకం అన్నాడు. సంఘంలో అందరికీ అదే కదా, మీ మాటంటే నమ్మకం. ఆ మనిషి కోసమా నేను ఇన్నేళ్లు కూర్చున్నానని అప్పుడనిపించింది. తలొంచుకుని నిలబడ్డాడు, నేలని చూస్తూ. కొత్త కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.”

“వాడితో వెళ్తావా ఏంటి?”

“ఆవిడ గతేం కావాలి? పాప గతేం కావాలి? వెళ్లను. ఇక్కడా ఉండను. షాపు పైన గదుంది, ఎల్లుండి నుంచి నాది. మా యజమాని భార్య మంచం వేయించింది.”

“నన్నొదిలేసి పోతావా?”

“గురువారం తిరిగొస్తుంటే బస్సులో వెనక సీటు దొరికింది. ఎవరూ లేరు. దేవుణ్ని క్షమించమని అడిగాను. ఇన్నేళ్లూ నీ మీద అలిగాను, నీ తప్పు కాదని తెలియలేదు అన్నాను. అలా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో. మనసు కాస్త తేలికపడింది.”

“మరి నన్ను? నన్ను క్షమించలేవా?”

“మీరు ఇంకా అడగలేదు కదా మామయ్యా. ఇందాకట్నుంచి కారణాలన్నీ చెప్పారు. ఆ ఒక్క మాటా అడగలేదు.”

“అడుగుతున్నాను తల్లీ. ఇదిగో, చేతులు పట్టుకుని అడుగుతున్నాను. క్షమించు.”

“చెయ్యి వదలండి. ఇంకా ఒకటి మిగిలిపోయింది. అది చెప్పాక అడగండి.”

“ఇంకేముంది? అన్నీ చెప్పేశాగా.”

“ఆవిడకీ మీ అబ్బాయికీ చర్చిలోనే పెళ్లయిందట. మీరే దగ్గరుండి చేయించారట.”

“వాడు పెళ్లి లేకుండా ఆ పిల్లతో ఉండబోతున్నాడని తెలిసింది. పాపంలో పడిపోతాడని భయపడ్డాను. తండ్రిని కదా.”

“అక్కడి పాస్టరు గారు నా గురించి అడగలేదా?”

“అడిగారు.”

“మీరేమన్నారు?”

“లేదన్నాను.”

“లేదంటే?”

“లేదనే అన్నాను. మొదటి భార్య ఉందా అంటే, లేదన్నాను.”

“ఊళ్లో లేదనా? ఇంట్లో లేదనా?”

“లేదనన్నాను, అంతే! ఆయనే ఏదో అర్థం చేసుకుని, నా భుజం తట్టి, ప్రార్థన చేశారు. వాడూ పక్కనే ఉన్నాడు, కాదనలేదు. నేను అబద్ధమాడలేదు.”

“ఆడలేదు. నిజమే. ఒక్క మాటే అన్నారు.”

“ఎలా చెప్పను? వాడి జీవితమైనా నిలబడనీ అనుకున్నాను. అక్కడ నీ గురించి ఏనాడూ చెడుగా చెప్పలేదమ్మా. ఒట్టు. ఎప్పుడు నీ మాటొచ్చినా మంచే చెప్పాను. కావాలంటే ఆ పిల్లనడుగు, పాపనడుగు.”

“పాపని చూశాను.”

“చూశావా? నీతో మాట్లాడిందా?”

“తలుపు తీసింది అదే. వాళ్లమ్మ స్నానానికెళ్లింది, మీ అబ్బాయి ఇంకా వెనక గదిలో ఉన్నాడు. నాన్న కళ్లజోడా, నేనే విరక్కొట్టానని గొప్పగా చెప్పింది. ముద్దుగా ఉంది. నాకే నవ్వొచ్చింది.”

“ఇంకేమంది?”

“భయపడుతున్నారెందుకు మామయ్యా?”

“ఇంకేమందో చెప్పు.”

“నీ పేరేంటి అని అడిగింది. చెప్పాను. అయ్యో, మా పెద్దమ్మ పేరూ అదే అంది. పెద్దమ్మ చాలా మంచిదట. చచ్చిపోయి దేవుడి దగ్గరికి వెళ్లిపోయిందట. తాత వచ్చినప్పుడల్లా తననీ అమ్మనీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, పెద్దమ్మని చల్లగా చూసుకో ప్రభువా అనిపిస్తాడట. చేతులు జోడించి చూపించింది కూడా. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుస్తున్నావెందుకని దాని గౌనుతో నా కళ్లు తుడిచింది. దాన్ని దగ్గరికి తీసుకుని ఒక్క మాటే చెప్పాను మామయ్యా. శనివారం తాత వస్తాడు కదా, రాగానే చెప్పు, పెద్దమ్మ లేచి వచ్చిందని.”