రాతి కాడ చెప్పిన పేర్లు

ఏంది బిడ్డా, పొద్దుగాల్నే కాయిదం పట్టుకొని కూసున్నవ్? మన వంశం రాస్తవా? రాయి, రాయి. మీ తాత, మీ తాత నాయిన, ఆయిన నాయిన... ఆడికే ఆగిపోయింది గద? ఆగుతది. ఆ మీదికి ఎరుకైంది ఒక్క మా అత్త కిష్టమ్మకే. ఏడు తరాలు ఆమె నోట్లెనే ఉండె. నోట్లె అంటే ఉత్తగ గాదు, ఇసుర్రాయి కాడ. గిప్పుడు వాకిట్ల మీ వదినె పూలకుండి పెట్టింది సూడు, గా రాయే. ఖాజాగూడ గుట్ట రాయి, ఇద్దరు పట్టి తిప్పాలె. కోడికూతకు లేచి, జొన్నలు పోసి, తిప్పుకుంట పాడేది. ఫలానాయిన కొడుకు ఫలానాయిన, ఆయినకు చేసుకున్నది బోరబండ పిల్లను, గా పిల్ల పేరిది... కోడండ్ల పేర్లు సుత ఉండె గా పాటల. ఎదురుంగ కూసుండి నేను తిప్పేదాన్ని. ఇన్ననా అంటవా? పదిహేనేండ్ల పోరిని, తూగుకుంట తిప్పేదాన్ని. రోజూ ఉండేదే గద అనుకున్న.

ఉత్తగ కూసుండి చెప్పమనకపోయినవా అంటవు. ఎట్ల చెప్తది బిడ్డా? మొగని పేరు, మామ పేరు ఆడిది నోటితోని అనొద్దాయె. మీ తాత పేరు నేనెన్నడన్న అన్ననా? దవాఖానల చిట్టీ రాసేటోడు అడిగితే సుత నీ నాయినతోని చెప్పిచ్చిన. రాతి కాడ పాటల వస్తే మాత్రం తప్పు లేదు, గంతే.

ఇగ రజాకార్ల గడబిడ యేడు. గుట్టల్ల దాక్కొని పది దినాలకు ఇంటికొస్తే గింజలు పోసే గుమ్మి ఊడ్చినట్టున్నది. ఎవలింట్లనన్న ఉంటే గద దోసెడు అడుగుతందుకు. మా అత్తకు గుట్టల్లనే జరం పట్టింది. నాకేమో ఏడో నెల. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గరికొచ్చింది. ఒకనాడు పాక్కుంట రాయి కాడికొచ్చింది ముసల్ది. "నేను వోతే పెద్దల పేర్లు ఎవలు చెప్తరే? పట్టు, తిప్పు, నేర్సుకో" అంటది. రాయిల గింజ లేదు. కడుపుతోనున్న ఇంట్ల వట్టి రాయి తిప్పితే కడుపు నిలువదని మా అమ్మ చెప్పి పంపింది నాకు. రెండు చేతులు పిడి మీద పెట్టి కదలనియ్యలే. "వద్దత్తా, నీ కాళ్ళు మొక్కుత" అన్న. గుంజింది. జరంల ఏం బలముంటది? నా మొకం సూసింది, కడుపు సూసింది, ఇడిసిపెట్టింది. "పోనీ తియ్యి. సచ్చినోళ్ళు సచ్చిండ్రు, వచ్చేటోడు సల్లగుండాలె" అన్నది. నాలుగొద్దులకు వోయింది.

పెత్రమాసనాడు మీ తాత నీళ్ళు వదులుకుంట నాయిన పేరు, తాత పేరు చెప్పి నిలవడ్డడు. నా దిక్కు సూసిండు. నాకేమొస్తది? రాతి ముంగట రెండేండ్లు కూసున్నదాన్ని, ఒక్క పేరన్న రాలే. సిగ్గయింది బిడ్డా, ఏడుపొచ్చింది. ఇప్పటికీ గా పాట బాణీ వస్తది. పేర్లే రావు.

ఏమంటివి? గా కడుపుల ఉన్నది నాయినెనా అంటవా? కాదు. నీ నాయిన నాలుగేండ్లకు. గా కడుపులోడు మంచిగనే పుట్టిండు, బొద్దుగ, మా అత్త ముక్కే. ఇరవై ఒకటో దినం పేరు పెడదామనుకున్నం. తొమ్మిది దినాలే ఉన్నడు.

వాన్ని సుత రాస్తవా? ఏమని రాస్తవు?... ఆ కాయిదం జర పక్కకు పెట్టు బిడ్డా. ఎండ మీదికొచ్చింది, చాప అటు గుంజు.