పాత రసీదును నమ్మని బాలత్రిపురసుందరి గారు

శ్రీమతి బాలత్రిపురసుందరి గారు 1994 సెప్టెంబరు 12న కెనడాలోని రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న మన బ్యాంకు శాఖలో గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. పేరు పలకలేని సహోద్యోగులు "బాలా" అని కుదించినా చిరునవ్వుతో సహించిన ఆమె, పనిలో మాత్రం ఒక్క అక్షరం తేడా వచ్చినా ఊరుకునేవారు కారు.

2003లో విదేశీ చెల్లింపుల విభాగానికి బదిలీ అయినది మొదలు, సొమ్ము ఏ దేశంలోని ఏ బ్యాంకుకు చేరాలో తెలిపే స్విఫ్ట్ కోడ్‌లను నోటు పుస్తకంలో రాసుకున్నా, పంపే ప్రతిసారీ ఫోన్ చేసి మళ్లీ విచారించుకునేవారు. 2018 తరువాత మన తెలుగు విద్యార్థులు వెల్లువలా రావడం మొదలయ్యాక వారందరికీ ఆమె సుందరి ఆంటీ అయ్యారు.

2022 ఆగస్టులో ఒక గురువారం, కరీంనగర్ అమ్మాయి నిఖిల ఏడుస్తూ కౌంటరు దగ్గరికి వచ్చింది. తండ్రి కొమరయ్య గారు పంపిన ఫీజు కాలేజీకి చేరలేదు. మర్నాటి సాయంత్రం దాటితే సీటు పోతుంది.

"కోడ్ కరెక్టే ఆంటీ. సీనియర్ అక్క పోయినేడు రసీదు వాట్సాప్‌ల పంపింది. బాపు అదే చూసి రాసిండు."

"కోడ్ కరెక్టేనమ్మా. కాలేజీయే బ్యాంకు మార్చింది. మే నుంచి వాళ్ల అకౌంటు మా దగ్గరుంది. మీ డబ్బు పాత బ్యాంకుకెళ్లి కూర్చుంది."

"మన దగ్గరికి రాని సొమ్ముకు మనమేం చేస్తామండీ! వెనక్కి రావడానికే మూడు వారాలు" అన్నాడు విభాగాధికారి శేషగిరి. ఈ వ్యాసం రాస్తున్నది ఆ శేషగిరే; ఆ మాటకు నేటికీ సిగ్గుపడుతున్నాడు.

"డబ్బుకి మూడు వారాలుందేమో, ఈ పిల్లకి ఒక్క రోజే ఉంది" అంటూ ఆమె ఫోన్ అందుకున్నారు. పాత బ్యాంకువారు వేచి ఉండమన్నారు, వేరే విభాగానికి తిప్పారు, రేపు చేయమన్నారు. ఆమె భోజనం మాని, కొమరయ్య గారి చేత చెల్లింపు నకలు తెప్పించి, సొమ్ము తమ వద్దే ఉన్నదని పాత బ్యాంకువారిచేత లిఖితపూర్వకంగా ధ్రువీకరింపజేసేవరకు కుర్చీ వదలలేదు. శుక్రవారం పొద్దున్నే ఆ పత్రంతో నిఖిలను వెంటబెట్టుకుని స్వయంగా కాలేజీకి వెళ్లారు. సీటు నిలిచింది. ఆనాటి నుండి ఏ విద్యార్థి వచ్చినా ఆమె మొదటి మాట, "ఈ ఏడాది కాలేజీ ఇచ్చిన లెటర్ తియ్యి."

ఈ 2024 జూన్ 28న పదవీ విరమణ చేయనున్న ఆమెను, ఆ నోటు పుస్తకం విభాగానికి జ్ఞాపకంగా ఇమ్మని శేషగిరి అర్థించాడు.

"ఇవ్వనండీ. మీరు అది చూసి సొమ్ము పంపేస్తారు. పుస్తకాన్ని కాదు, మనుషుల్ని అడగండి" అని దాన్ని బ్యాగులో పెట్టేసుకున్నారు.

వారికి సంపూర్ణ ఆరోగ్యమూ, కుటుంబంతో గడిపే తీరిక దినాలూ సమృద్ధిగా లభించాలని మా అందరి ఆకాంక్ష. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, సుందరి గారూ. మీరు చెప్పినట్టే మనిషినే అడుగుతాం. మా ఫోన్ ఎత్తుతూ నిండు నూరేళ్లు చల్లగా ఉండండి.