జానెడు సందు

శాలిబండ. డిసెంబరు నెల, దీపాలు పెట్టే వేళ. ఇంట్లోవాళ్ళంతా సంతోష్‌నగర్‌లో రిసెప్షన్‌కు వెళ్ళారు. కింది గదిలో మంచం మీద సుశీలమ్మ. మిద్దె మీద, కొత్త టెంటులో, మనవరాలు పూజిత, ఆమె స్నేహితురాలు మాన్య. కిందికీ మీదికీ నడుమ ఫోను.

“...గందుకే చెప్తున్న, చెవులు కట్టుకోవాలె. చలి మొదలు చెవుల్లకెల్లే జొర్రుతది. మంకీ క్యాప్ పెట్టుకున్నవా?”

“నానమ్మా, మంకీ క్యాప్ పెట్టుకొని ఫోటో దిగితే మా కాలేజోళ్ళు నన్ను వాచ్‌మన్ అంటరు.”

“అననీ. వాచ్‌మన్‌కు ఎన్నడన్న సర్ది అయ్యింది చూసినవా? కింద ఏం పరిచినవ్?”

“మ్యాట్.”

“మ్యాటు కింద?”

“మ్యాటు కింద మిద్దె. మిద్దె కింద నువ్వు.”

“నకరాలు చెయ్యకు. పేపర్లు పరుచు, నాలుగు మడతలేసి. చలి మీదికెల్లి రాదే, కిందికెల్లి వస్తది. మా నాయిన జాతరలకు పోతె డేరాల మొదలు గడ్డి పరుస్తుండె, గడ్డి మీద గోనెసంచులు, వాటి మీద బొంత. రాజులు పండుకున్నట్టు పండుకుంటుంటిమి.”

“నువ్వు డేరాల పండుకున్నవా? నువ్వా? ఎన్నడు చెప్పలే!”

“...మేజోళ్ళు తడివి ఉండద్దు. పండుకునే ముంగట పొడివి మార్చుకోవాలె. ఇటుకను ఉడుకు చేసి తువ్వాల్ల చుట్టి కాళ్ళకాడ పెట్టుకుంటె పొద్దుగాలదాక—”

“ఎల్లుండి కాలేజోళ్ళతోని అనంతగిరి గుట్టకు ఇటుకలు మోసుకపోవాల్నా?”

“ఉడుకు నీళ్ళ సీస అన్న పెట్టుకోరాదు. నువ్వుల ముద్దలు డబ్బల పెట్టిన, నాలుగు తిను. ఒంట్లకెల్లి ఉడుకు పుట్టాలె గని పైన ఎన్ని కప్పుకుంటె ఏమొస్తది? ఇగ కిందికి రార్రి. టెంటు వేసి చూస్కుంట అన్నవ్, చూస్కున్నవ్. చాయ్ పెడత.”

“జరసేపైనంక వస్తం. మస్తు వెచ్చగున్నది నానమ్మా, లేవబుద్ధైతలేదు. ఉండు... ఈ జిప్పొకటి! కొత్త టెంటు, ఊకె జారుతున్నది. ఇప్పటికే రెండుసార్లు మూసిన. మాన్యా, నువ్వేనా తెరుస్తున్నది?”

“తెరిచే ఉండనీ బిడ్డా.”

“ఉండనియ్య.”

“జరంతనే. మనింట్ల కిటికీ తీరు—”

“గదే! గందుకే మూసిన. పుట్టినప్పటి సంది వింటున్న. చలికాలమొస్తె కిటికీ జానెడు తెరిచి పెట్టాలె. జాతరల చలికి సచ్చిపోయిన విమల, మీ చెల్లె, కాచుకోనీకి మనింటికొస్తది. సందు లేకుంటె అలుగుతది. ఇరవై ఏండ్లల్ల నేను ఆ కిటికీ దిక్కు వీపు పెట్టి పండుకోలే, ఎరుకేనా? అమ్మ కొత్తగ వచ్చినప్పుడు కిటికీ మూసిందని మూడు దినాలు అన్నం తినలేదట నువ్వు.”

“రెండే దినాలు. మీ అమ్మ అన్నీ ఎక్కువ చేసి చెప్తది.”

“ఇది నా టెంటు. ఇందుల మీ చెల్లెకు జాగ లేదు. కోపం చెయ్యకు నానమ్మా. అందరం పోతున్నం గని, గుట్ట మీద, చీకట్ల... నాకు నిజంగనే భయమైతది. అన్ని దిక్కుల మూసుకుంటెనే నాకు నిద్రొస్తది.”

“అదేం చేసిందే నిన్ను?”

“చెయ్యనీకి ఎన్నడన్న కనపడితె గద.”

“...మాన్య ఏం చేస్తున్నది? దాని లొల్లే వినపడతలేదు. ఆ పిల్ల నోట్లె నాలుక ఆగదు గద.”

“పండుకున్నది. తలనొస్తుంది, జరసేపు ఒరుగుత అన్నది.”

“తలనొప్పా?”

“నాకు సుత ఉన్నది కొంచెం. ఈ టెంటు వాసనకే. కొత్త ప్లాస్టిక్ గద.”

“పూజితా.”

“ఆఁ.”

“మస్తు వెచ్చగున్నది అన్నవ్. డిసెంబర్ల, మిద్దె మీద, ఎట్ల వెచ్చగున్నది?”

“గట్లనే. స్వెటర్ వేసుకున్న.”

“నీ స్వెటర్ ఇక్కడ నా మంచం మీదున్నది.”

“...మాన్యది.”

“మరి మాన్య ఏమేసుకున్నది?”

“ఏంది నానమ్మా, పోలీస్ స్టేషనా ఇది?”

“లోపల ఏం పెట్టినవ్?”

“నాన్నకు చెప్పనంటె చెప్త.”

“చెప్పు.”

“ఒట్టు?”

“చెప్పు!”

“కుంపటి. చిన్నదే. బేగంబజార్ల మన దుకాణంలకెల్లి తెచ్చిన. బయట మక్కబుట్టలు కాల్చుకున్నం. బొగ్గులు ఇంక ఎర్రగనే ఉండె, దండుగ ఎందుకని లోపల పెట్టుకున్నం. నువ్వు ఫికర్ చెయ్యకు, మంట లేదు, పొగ సుత లేదు. నివురు కప్పి మంచిగ—”

“జిప్పు తెరువు.”

“మళ్ళ మొదలు వెట్టినవ్.”

“తెరువ్ బిడ్డా. మొత్తం తెరువ్. కుంపటి బయట పారెయ్.”

“ఆఁ, విమల నానమ్మ లోపలికి రావాలె గద. నేను తెరువ.”

“విమల రాదు!”

“...ఏంది?”

“రాదు. ఎన్నడు రాలే. ఆ ముచ్చట నేను పుట్టిచ్చిన, అంత అబద్ధం. నీ కాళ్ళు మొక్కుత, తెరువ్.”

“ఏం మాట్లాడుతున్నవ్ నానమ్మా నువ్వు?”

“మాన్య దిక్కు చూడు. బుగ్గలు ఎట్లున్నయ్? ఎర్రగున్నయా?”

“ఎర్రగనే ఉన్నయ్. వేడికి. మంచిగ పండుకున్నది.”

“మా చెల్లె సుత గట్లనే పండుకున్నది! చలికి సావలే అది. గా కుంపటికి సచ్చింది. మూసిన డేరాల, మూసింది నేనే. లేవ్వే పూజితా, లేవ్!”

“లేస్తున్న... నానమ్మా, నిలవడితె తిరుగుతున్నది. కాళ్ళల్ల బలం...”

“నిలవడకు. పాకు. ఫోన్ ఆడనే పెట్టి పాకు... పూజితా? వినపడుతున్నదా? పూజితా! అయ్యో నా మోకాళ్ళు మండ, ముప్పై రెండు మెట్లు, ఆరేండ్లాయె ఎక్కక. ఇంట్ల మనిషి లేకపాయె. పూజితా! ఒక్క మాట మాట్లాడు బిడ్డా! మల్లన్నా, ఒక్కదాన్ని తీస్కపోయినవ్, సాలదా నీకు? పూజితా!”

“...తెరిచిన.”

“తెరిచినవా?”

“తెరిచిన నానమ్మా. మొత్తం.”

“కుంపటి?”

“బయటికి తన్నిన. కాలు కాలింది.”

“కాలనీ. మాన్యను గుంజు.”

“గుంజుతున్న, బరువున్నది... మాన్యా! మాన్యా లేవ్వే! లేస్తలేదు నానమ్మా, చెయ్యి ఎత్తితె కింద పడుతున్నది!”

“గాలికి పెట్టు. పక్కకు తిప్పు. పేరు పెట్టి పిలువు, ఊకోకు, పిలుస్తనే ఉండు.”

“మాన్యా! మాన్యా! ఓ మాన్యా! ...దగ్గుతున్నది! నానమ్మా, దగ్గుతున్నది, వాంతి చేసుకుంటున్నది!”

“చేసుకోనీ, చేసుకోనీ. తల పక్కకు పట్టు.”

“కండ్లు తెరిచింది... నన్ను తిడుతున్నది.”

“తిడుతున్నదా? ఇంక తిట్టుమను. నా తరపున నాలుగు ఎక్కువ తిట్టుమను. మీ నాయినకు ఫోన్ కొట్టు. దవాఖానకు పోవాలె ఇద్దరు. ఇగ బాగున్నం అంటె నేను వినను. కొట్టినంక మళ్ళ నాకు చెయ్యి, బిడ్డా, నన్ను గిట్ల ఇడిచిపెట్టకు.”

“...హలో, నానమ్మా. నాన్న బయల్దేరిండు. అంబులెన్స్‌కు సుత చెప్పిండు. ఇద్దరం పిట్టగోడకు ఒరిగి కూసున్నం, గాలికి.”

“దుప్పటి కప్పుకున్నరా?”

“కప్పుకున్నం.”

“చెవులు?”

“చెవులు సుత. ...నానమ్మా. మూసింది నేనే అన్నవ్.”

“అన్న.”

“ఏం మూసినవ్?”

“నాకు పదమూడు, దానికి ఎనిమిది. నాయిన మల్లన్న జాతరల గిన్నెల దుకాణం పెట్టిండు. అమ్మ, నాయిన ముంగట అమ్ముతుంటె మేమిద్దరం ఎనుక డేరాల ఉంటిమి. దానికెప్పుడు మెడకాడనే చలి. ‘అక్కా, మెడ చలి పెడుతున్నదే’ అనేది. మెడ నిండ వచ్చేటట్టు ఒక స్వెటర్ అల్లుతుంటి దానికి. ఒక చెయ్యి అల్లేది మిగిలింది. అందాక అని కుంపటి లోపలికి తెచ్చిన. మా దుకాణం సామానే, కొత్త కుంపటి. ‘తలనొస్తున్నదే అక్కా’ అన్నది. తనే లేచి డేరా గుడ్డ జానెడు జరిపింది. నేను మూసిన. మళ్ళ జరిపింది. మళ్ళ మూసి, ఈపుల ఒకటి ఏసిన.”

“నానమ్మా...”

“గప్పుడే బయట ఒగ్గుకథ మొదలాయె. డోలు చప్పుడుకు నా కాళ్ళు ఆగలే. ఇది పండుకున్నది గదా అని పోయిన. పోతా పోతా, లోపలి ఉడుకు పోవద్దని, మళ్ళ ఇది తెరుస్తదని, బయటికెల్లి తాడు కట్టిన. మూడు ముడులు. కథ ఒడిసేదాక చూసి వచ్చిన. ముడులిప్పి చూస్తె కుంపటి ఆరింది, దాని బుగ్గలు ఎర్రగ, ఒళ్ళు వెచ్చగ ఉండె. మంచి నిద్రల ఉన్నదని బొంత సదిరి మెడదాక కప్పిన. పొద్దుగాల అమ్మ లేపితె... ఉన్నవా బిడ్డా?”

“ఉన్న.”

“అందరు చలికి పోయింది అన్నరు. నేను సుత ఔ అన్న. తాడు ముచ్చట మా అమ్మకు చెప్పలే, మీ తాతకు చెప్పలే. పెండ్లై ఈ ఇంట్ల అడుగు పెడితె, చలికాలం, మూసిన కిటికీలు, నట్టింట్ల కుంపటి. పొగ లేకున్న బొగ్గు సంపుతదని చెప్పిన. మూడో తరగతి సదివిన కోడలి మాట ఎవరింటరు? నవ్విన్రు. చెల్లె కాచుకోనీకి వస్తది, సందు లేకుంటె అలుగుతది అన్న. అత్త ఆ దినమే లేచి కిటికీ తెరిచింది. యాభై ఏండ్లు ఈ ఇంట్ల ఎవ్వరికి ఏం కాలే. ఇయ్యాల గా అబద్ధానికే భయపడి నువ్వు జిప్పు మూసుకున్నవ్.”

“నాకు భయం గావాలని చెప్పలే గద నువ్వు.”

“బతకాలని చెప్పిన. రెంటికి ఎంత దూరమున్నది?”

“మరి అంత అబద్ధమే అయితె, రోజు మాపటికి నువ్వు ఆ కిటికీ కాడనే ఎందుకు కూసుంటవ్?”

“...ఆడ గాలి మంచిగొస్తది.”

“నానమ్మా.”

“వస్తదేమోనని. ఆ ముచ్చట అల్లింది నేనే, ఐన సుత చూస్తుంటి. యాభై ఏండ్లు. ఒక్కనాడన్న రాలే. ఎందుకొస్తదే? దాని మొకం మీద మూసినదాన్ని నేను గద.”

“ఉండు నానమ్మా, మాన్య ఏందో అంటున్నది... ఏందే? ...నిజంగనా? ...నానమ్మా, ఇందాక జిప్పు తెరుస్తున్నవని దీన్ని తిట్టిన గద. నేను ముట్టనే లేదు అంటున్నది. ఒరగంగనే నిద్ర పట్టిందట.”

“జారింది అన్నవ్ గద. అగ్గువ మాలు కావచ్చు.”

“జారుతలేదు. ఇగో, ఇప్పుడు పట్టుకొని చూస్తున్న, రెండు చేతుల గుంజితె గని వస్తలేదు. నానమ్మా, నేను పాక్కుంట పోయినప్పుడు సుత తెరిచే ఉండె. మూసి పెట్టిన నేను. నా చేతులల్ల బలం లేకుండె, గా సందులకెల్లే వేళ్ళు పెట్టి మిగతాది గుంజిన. అది లేకుంటె...”

“ఎంత తెరిచుండె?”

“జానెడు. నా జానెడు కాదు. ఇంక చిన్నది.”

“...ఇప్పుడు ఆ టెంట్ల ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరు. మేమిద్దరం బయటనే ఉన్నం. నానమ్మా, ఏం చప్పుడది? పెట్టె తీస్తున్నవా? ...నానమ్మా, మెట్ల మీదున్నవా నువ్వు? నీ మోకాళ్ళు! ఆగు, నాన్న వస్తున్నడు, ఆగవే!”

“స్వెటర్‌కు ఒక చెయ్యి లేదు గని మెడ నిండ వస్తది దానికి. నేనొచ్చేదాక మూయకు బిడ్డా.”